బొంతకు రంగులు కుదరడం లేదంటే ముందు గుడ్డ చూడండి, తర్వాత ముదురు లేతలు చూడండి

దర్జీ దగ్గర తెచ్చుకున్న జాకెట్టు ముక్కలు, పాత చుడీదార్లు, అమ్మగారి మూడు నేత చీరలు కలిసి పెద్ద మూట పోగయిందనీ, మంచం మీద పరిచి ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో తేలక మళ్ళీ మూట కట్టేస్తున్నాననీ, మూడు నెలలుగా ఇదే తంతు అనీ మీరు రాశారు. మీకు రంగుల మీద అవగాహన లేదేమోనని కూడా బాధపడ్డారు. మీరు రంగుతో మొదలుపెట్టడం వల్లే ఈ చిక్కు వచ్చిందని నాకు అనిపిస్తోంది. బొంతకు ముందు గుడ్డ కుదరాలి, తర్వాత ముదురు లేతలు కుదరాలి, రంగు ఆ రెండింటి తర్వాతే వస్తుంది. ఈ వరుస తెలియక నేను ఒక బొంత మొత్తం పాడుచేసుకున్నాను కాబట్టి, ముందు ఆ సంగతి చెప్పి తర్వాత మీ మూట దగ్గరికి వస్తాను.

నేను పుట్టింది నారాయణపేట దగ్గరి పల్లెలో. పెళ్ళయినప్పటి నుంచి ఉంటున్నది నల్లగొండలో. మా అమ్మ కుట్టిన బొంతల్లో రంగులు ఎంచుకోవడమనే పని అసలు ఉండేది కాదు. నాలుగైదు పాత చీరలను పొరలుగా పరిచి, చిరుగులున్న చోట మరో గుడ్డ అతికి, దబ్బనం పట్టుకుని అంచు నుంచి లోపలికి చుట్టు చుట్టుగా కుట్టుకుంటూ పోయేది. సరిహద్దు అవతలి కన్నడ పల్లెల్లో దీన్నే కౌది అంటారు. పైకి గట్టి చీర, ఒంటికి తగిలే వైపు మెత్తని చీర, మధ్యలోకి చిరిగినవి: ఆమె ఎంపిక అంతటితో ముగిసేది. నాకు మాత్రం ముక్కలు కలిపి పై పొర కట్టాలని కోరిక పుట్టింది. 2011 చలికాలంలో కుట్టిన మొదటి బొంతలో నాకు నచ్చినవన్నీ పెట్టాను. గద్వాల చీర అంచు, పోచంపల్లి నేత ముక్కలు, అప్పుడే ఒక దుకాణంలో కొన్న ముదురు ఎరుపు గుడ్డ, తెల్లని పాప్లిన్ అన్నీ అందులో ఉన్నాయి. కుట్టిన రోజున చూసిన వాళ్ళందరూ బాగుందన్నారు. మొదటి ఉతుకుకే ఎరుపు దిగి తెల్ల ముక్కలన్నిటికీ గులాబీ మరకలు అంటుకున్నాయి. గద్వాల చీరకు ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు ముక్కలు నీళ్ళకు కుంచించుకుపోగా పట్టు అంచు ఉన్నంత ఉండిపోవడంతో బొంత నడుమ ఉబ్బులు, ముడతలు లేచాయి. పోచంపల్లి ముక్కలు కుట్టు దగ్గర పోగులు జారి నోళ్ళు తెరిచాయి. రెండు నెలల పని అది. రంగుల పొందిక ఎంత బాగున్నా దాన్ని కాపాడలేకపోయింది.

అందుకని మీ మూట విప్పి, రంగు చూడకుండా, ముట్టుకుని మాత్రమే వేరుచేయండి. జాకెట్టు ముక్కల్లో నూలు ఏదో పాలిస్టర్ కలిసినది ఏదో కంటికి తెలియదు. ఒక్కో గుడ్డ నుంచి రెండు పోగులు లాగి, పళ్ళెం మీద పట్టుకారుతో పట్టుకుని అగ్గిపుల్లతో కాల్చండి. నూలు కాగితంలా కాలి, వేలితో నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. పాలిస్టర్ కరిగి, చల్లారాక గట్టి పూసలా ముద్ద కడుతుంది. ముద్ద కట్టినవి ఎంత అందమైనవైనా ఈ బొంతకు వద్దు. అవి చెమట పీల్చవు, ఇస్త్రీ వేడికి ముడుచుకుంటాయి. చేతిసంచికో దిండు గలీబుకో దాచుకోండి. మిగిలిన నూలు గుడ్డల్లో మరీ ముతకవి, మరీ పలుచనివి కూడా పక్కకు పోవాలి. రెండు ముక్కలను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒకేసారి పట్టుకుని రుద్దితే మందం తేడా వెంటనే తెలుస్తుంది. ఈ వడపోత పూర్తయ్యేసరికి నా మూట సగానికి సగం తగ్గింది, మీదీ తగ్గవచ్చు. ఎంపిక సులువు కావడం అక్కడే మొదలవుతుంది.

తర్వాత ఉతకాలి. అన్నీ ఉతకాలి, ఉతికినట్టు కనిపించే పాతవి కూడా. ముదురు ఎరుపు, ముదురు నీలం, నలుపు, వంకాయ రంగు గుడ్డలను తెల్లని గిన్నెలో వేడినీళ్ళు పోసి అరగంట విడివిడిగా నానబెట్టండి. ఆ తర్వాత తడిగా ఉండగానే తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీ చేయండి. తెల్ల గుడ్డకు రంగు అంటితే మళ్ళీ ఉతకండి, మూడో ఉతుకుకూ అంటితే ఆ గుడ్డను వదులుకోండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు నిలుస్తుందని మా ఇళ్ళలో గట్టిగా నమ్ముతారు. అద్దకం చేసేటప్పుడు రంగు పోగులోకి ఎక్కడానికి ఉప్పు పనికొస్తుంది గాని, అద్దకం ముగిశాక దిగుతున్న రంగును అది ఆపలేదు. నేను రెండు గుడ్డల మీద చేసి చూశాను, దిగేది దిగుతూనే ఉంది. కోరా గుడ్డ వాడదలిస్తే దాన్ని రెండుసార్లు ఉతకండి, ఎందుకంటే ఎక్కువగా కుంచించుకుపోయేది అదే. 10 అంగుళాల చదరం కత్తిరించి ఉతికితే నాకు అది తొమ్మిదిన్నరకు వచ్చింది.

చేనేత గుడ్డల గురించి రెండు మాటలు. మన పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం గుడ్డల్లో నేయడానికి ముందే పోగుకు రంగు అద్దుతారు కాబట్టి ముందూ వెనకా ఒకేలా ఉంటాయి. అదే డిజైన్‌ను అచ్చు వేసి అమ్మే గుడ్డను తిరగేసి చూస్తే వెనక వెలిసినట్టు ఉంటుంది. అచ్చు గుడ్డను వదులుకోవాలని నేను అనను, నిజానికి బొంతకు అది ఒక వరం. ఎందుకంటే వెనక వైపు వాడితే అదే రంగులో ఒక లేత ముక్క మీకు ఖర్చు లేకుండా దొరికినట్టు. నేత ముక్కలకు మాత్రం కుట్టు కోసం పావు అంగుళం వదిలితే చాలదు, చుట్టూ అర అంగుళం వదలండి. వాటిని చిన్న ముక్కలు కూడా చేయకండి. అంచులు చెదిరినట్టుండే ఆ నేత డిజైన్ 3 అంగుళాల ముక్కలో మరకలా కనిపిస్తుంది, 6 అంగుళాల ముక్కలో గాని దాని అందం తెలియదు.

ఇప్పుడు ముదురు లేతల సంగతి. నాకు కళ్ళు తెరిపించింది ఇదే. రెండో బొంతను మా అమ్మాయి హాస్టల్ మంచానికి, మూడున్నర అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవుతో మొదలుపెట్టాను. కుట్టాక 6 అంగుళాలు ఉండేలా 7 అంగుళాల ముక్కలు కోస్తే, అడ్డంగా 7, నిలువుగా 14, మొత్తం 98 ముక్కలు పట్టాయి. చిలకపచ్చ పక్కన కనకాంబరం రంగు, దాని పక్కన మళ్ళీ చిలకపచ్చ పెట్టి నేల మీద పరిచాను. ఇంతకంటే వేరైన రంగులు ఉండవని నా నమ్మకం. కానీ గుమ్మంలో నిలబడి చూస్తే ముక్కల వరుస ఏదీ కనిపించడం లేదు, చూపు నిలవక కళ్ళు అలసిపోతున్నాయి. మా అమ్మాయి ఫోన్‌లో ఫొటో తీసి అందులోని రంగులన్నీ తీసేసి నలుపు తెలుపు చేసి చూపించింది. చిలకపచ్చ, కనకాంబరం రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోయి ఉన్నాయి! అదే ఫొటోలో ఒక మూలన పెట్టిన నీలిమందు రంగు ముక్క, లేత ఆకాశనీలం ముక్క మాత్రం, రెండూ నీలాలే అయినా, పగలూ రాత్రిలా విడిపోయి కనిపించాయి. బొంతలో డిజైన్‌ను నిలబెట్టేది రంగుల తేడా కంటే ముదురు లేతల తేడాయేనని ఆ రోజు నాకు అర్థమైంది.

మీరు కూడా ఫొటో తీయండి, లేదా కళ్ళు సగం మూసి చూడండి, రెండూ ఒకే పని చేస్తాయి. ముక్కలను ముదురు, నడిమి, లేత అని మూడు కుప్పలు చేయండి. పూల గుడ్డలు, గళ్ళ గుడ్డలు ఏ కుప్పలోకి వెళ్తాయో దగ్గర నుంచి చూస్తే తేలదు. ఎరుపు తెలుపుల సన్న గళ్ళు పది అడుగుల దూరం నుంచి వట్టి గులాబీ రంగులా కనబడి నడిమి కుప్పలోకి పోతాయి. నడిమివి పక్కవాటిని బట్టి మారతాయని కూడా గుర్తుంచుకోండి: ముదురు పక్కన పెడితే లేతగానూ, లేత పక్కన పెడితే ముదురుగానూ కనబడి, తగాదా వచ్చిన చోట సర్దుబాటుకు అవే ఆదుకుంటాయి. ఈ పని ట్యూబులైటు కింద చేయకండి. పొద్దున వేళ వాకిట్లో వెలుగులో చేయండి, దుకాణంలో గుడ్డ కొనేటప్పుడు కూడా గుమ్మం దాకా తీసుకువెళ్ళి చూడండి. మీ మూటలో అన్నీ నడిమివే ఉన్నాయని తేలితే, అదే మీ మూడు నెలల చిక్కుకు కారణం అయి ఉంటుంది. అప్పుడు ఒక మీటరు కోరా, ఒక మీటరు ముదురు నీలం కొంటే చాలు. తెల్లని తెలుపు కొనకండి. మా బోరు నీళ్ళకు అది నాలుగు ఉతుకుల్లో మసకబారుతుంది, కోరా అయితే ఆ మార్పు తెలియనివ్వదు.

ఇక రంగు. ఇంత దూరం వచ్చాక దీనికి ఎక్కువ చెప్పవలసింది లేదు, ఎందుకంటే మీ అమ్మగారి చీరలు నేసినవారు మీ తరఫున ఆ నిర్ణయం ఎప్పుడో తీసుకున్నారు. ఒక నేత చీరను ముందు పెట్టుకుని లెక్కపెట్టండి: నేల రంగు (చీర ఒంటి రంగు) బోలెడంత, అంచు రంగు కొంత, అంచుకూ నేలకూ నడుమ ఒక సన్నని గీత రంగు. నా 98 ముక్కల బొంతకు మా అమ్మ నారాయణపేట చీరను అలాగే చదివాను. ఇటుక రంగు, దాని చుట్టాలు 56 ముక్కలు. ముదురు ఆకుపచ్చ, దాని చుట్టాలు 34. గీతలో ఉన్న పసుపు 8 ముక్కలే. చుట్టాలంటే అదే రంగులో కొంచెం ముదురువి, కొంచెం లేతవి. ఒకే గుడ్డ 56 సార్లు వేస్తే బొంత చప్పగా ఉంటుంది. పసుపు ముందు 20 ముక్కలు పెట్టాను. చూపంతా దాని మీదికే పోతుంటే ఒక్కొక్కటే తీసుకుంటూ వచ్చి, 8 దగ్గర ఆగాను.

రంగులు తక్కువైతే బొంత వెలవెలబోతుందని భయం వేస్తే, పుట్టపాకలో నేసే తేలియా రుమాలు అనే చదరపు చేనేత గుడ్డను ఒకసారి తలచుకోండి. ఎరుపు, నలుపు, తెలుపు, ఆ మూడే. అది ఎవరికీ వెలితిగా అనిపించలేదు. ఎక్కువ రంగులు తప్పకుండా కావాలనుకుంటే దేవరకొండ వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్ళ కుట్టుపని గమనించండి. ఎన్ని రంగుల దారాలు వాడినా వాటి కింద ముదురు ఎరుపో నీలమో ఒకే నేల ఉండి వాటన్నిటినీ పట్టి ఉంచుతుంది. బొంతలో ఆ పని చేయాలంటే ప్రతి ముక్కకూ మధ్య ఒకటిన్నర అంగుళం వెడల్పున ఒకే ముదురు రంగు పట్టీ వేయాలి. శ్రమ ఎక్కువే అయినా, కొట్లాడుకునే రంగులు దానితో సర్దుకుంటాయి. బొంత మొత్తాన్ని ఒకే రంగు దారంతో కుట్టడం కూడా కొంతవరకు ఇదే మేలు చేస్తుంది. ముక్కలు పరిచాక వెంటనే కుట్టకుండా ఒక రాత్రి వదిలేయండి. పొద్దున లేచి చూసినప్పుడు ఏ ముక్క మీ కంటికి అడ్డు తగులుతుందో దాన్ని మార్చండి.

చివరగా అమ్మగారి చీరల విషయం. వాటిని కోయాలంటే చేయి ఆడడం లేదని మీ ప్రశ్న చివర ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. మీరు ఆగిపోవడానికి రంగుల కంటే అదే పెద్ద కారణమేమోనని నాకు అనిపించింది. మా అమ్మ చీర విషయంలో నేనూ ఏడాది పాటు అలాగే ఉండిపోయాను. కోయనక్కరలేదు. ముందుగా చీరను వెలుగుకు ఎదురుగా పట్టుకుని, బొటనవేళ్ళతో మెల్లగా లాగి చూడండి. పిగిలేలా ఉంటే అది మధ్య పొరలోకి వెళ్ళాలి, గట్టిగా ఉంటే అడుగు పొర అవుతుంది. నేత చీర దాదాపు ఐదున్నర మీటర్ల పొడవు, 1.15 మీటర్ల పన్నా ఉంటుంది. నేను చెప్పిన మూడున్నర అడుగుల బొంతకు దాన్ని కత్తెర తగలకుండా పొడవులో మధ్యకు మడిస్తే రెండు పొరలు వచ్చి, తలవైపు రెండు అడుగుల దాకా మిగులుతుంది. మన వైపు చలి గట్టిగా ఉండేది డిసెంబరు, జనవరి నెలల్లోనే కాబట్టి ఆ రెండు పొరలు, మీరు కట్టిన పై పొర కలిస్తే సరిపోతుంది, దూది అవసరం లేదు, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు. చీరను పరిచేటప్పుడు కొంగు బయటి వైపుకు, తలవైపుకు వచ్చేలా చూసుకోండి. మిగిలిన ఆ రెండు అడుగులను పై పొర మీదికి మడిచి కుట్టేస్తే, కప్పుకున్నప్పుడు గడ్డం కింద తగిలేది అమ్మగారి కొంగే అవుతుంది. పై పొరకు రంగులు కూడా ఆ కొంగులోంచే తీసుకోండి, మూటలో దానికి సరిపడే ముక్కలు ఎన్ని ఉన్నాయో ముందు అవి ఏరి పక్కన పెట్టండి.