ఎనిమిది వేల కీబోర్డు తీసేసి ముప్పై వేలది కొనాలా?

మీరు అడిగినది ఇదీ: ఉండేది బరంపురం. పాప రెండేళ్లుగా కాసియో సీటీ-ఎస్200 మీద నేర్చుకుంటోంది. ఈమధ్య రామమందిరంలో శనివారం భజనకు కూడా వాయిస్తోంది. మాస్టారు ముప్పై వేల పైమాట కీబోర్డు కొనమంటున్నారు. కొనాలా, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలా?

మార్చాల్సిందే. అయితే టోన్లు (వాయిద్యాల శబ్దాలు) తక్కువున్నాయని కాదు, ఎస్200లో టచ్ రెస్పాన్స్ లేదని. మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ఒకటే శబ్దం. రెండేళ్లు ఇలాంటి దాని మీదే సాధన చేస్తే వేళ్లకు బరువు తెలీదు. బొటనవేలు, ఉంగరం వేలు ఒకే బలంతో పడుతున్నాయో లేదో చెవికి అందదు కాబట్టి తప్పు దిద్దుకునే దారి కూడా ఉండదు. ఇది నేర్చుకునే పిల్లకు నిజమైన నష్టం.

టచ్ ఉన్న కీబోర్డులో ఒక్కో కీ కింద రబ్బరు బుడిపె, దానిలో రెండు కాంటాక్టులు ఉంటాయి. కీ దిగేటప్పుడు ఒకటి ముందు తగులుతుంది, రెండోది ఆ వెనక. ఆ రెంటి మధ్య పట్టిన కాలాన్ని కొలిచి 1 నుంచి 127 లోపు ఒక అంకె ఇస్తుంది. ఆ అంకెను బట్టే ధ్వని హెచ్చూ తగ్గూ. ఎస్200 నుంచి యూఎస్‌బీ తీగతో ఫోన్‌లోని పియానో యాప్‌కు కలిపినా ఈ లోటు తీరదు. అక్కడికి వెళ్లే అంకె ఎప్పుడూ ఒకటే.

ఇప్పుడు ఒక పోలిక చూడండి. సీటీ-ఎస్300 తీసుకుంటే కీలు అవే 61, టోన్లు అవే 400, రిథమ్‌లు అవే 77, ఒకేసారి పలికే స్వరాలు అవే 48. తేడా టచ్ రెస్పాన్స్, పిచ్ బెండ్ చక్రం (తిప్పితే మోగుతున్న స్వరం పైకీ కిందికీ వంగుతుంది). ధరలో తేడా కొద్ది వేలే. అంటే మీ పాప చేతికి కావలసిన ముఖ్యమైన మార్పు ముప్పై వేల దాకా వెళ్లకుండానే దొరుకుతుంది. ఆపైన పెట్టే ప్రతి వెయ్యికీ ఒక పని చూపించగలగాలి. చూపించగలిగితే పెట్టండి, నేను వద్దనను.

అలా ఖర్చుకు తగిన పని భజనలో ఒకటుంది: శ్రుతి మార్పు. మన వైపు భజనలో ఒక కీర్తన తెలుగులో ఎత్తుకుంటే తర్వాతది ఒడియాలో జగన్నాథుడి మీద, పాడేవారు వేరు, శ్రుతి వేరు. సి కీని స గా పెట్టుకుని నేర్చుకున్న పిల్ల అయిదున్నర శ్రుతికి, అంటే జి షార్ప్‌కు, ట్రాన్స్‌పోజ్ (వేళ్లు మార్చకుండా శ్రుతిని కీల లెక్కన జరిపే సెట్టింగ్) పైకి 8 గానీ కిందికి 4 గానీ పెట్టాలి. వెంటనే ఇంకొకరు నాలుగున్నరకు, ఎఫ్ షార్ప్‌కు, అందుకుంటే పైకి 6. పాటల మధ్య దొరికే పావు నిమిషంలో మెనూ తెరిచి అంకె మార్చి, టోన్ మార్చి, వేగం మార్చడం పెద్దవాళ్లకే కుదరదు. మొదటి పల్లవి అపశ్రుతిలో పడేది ఎక్కువగా ఇక్కడే: ముందు పాటకు పెట్టిన ట్రాన్స్‌పోజ్ తీయడం మర్చిపోతారు. దీనికి మందు రిజిస్ట్రేషన్ మెమరీ. టోన్, రిథమ్, వేగం, ట్రాన్స్‌పోజ్ అన్నీ కలిపి ఒక బటన్‌లో దాచుకోవచ్చు. యమహా పీఎస్ఆర్-ఈ473లో ఇలాంటివి 32 పెట్టుకోవచ్చు. పాప నెలకు ఒకసారి కాక వారం వారం భజనకు వాయిస్తుంటే, మాస్టారు చెప్పిన ధరకు నా దృష్టిలో సరైన కారణం ఇదే.

రెండో కారణం గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం. తొలి పాఠాలైన సరళీ వరసలు, జంట వరసల దాకా మాయామాళవగౌళ రాగానికి పిచ్ బెండ్ చక్రం అవసరం లేదు. సి, సి షార్ప్, ఇ, ఎఫ్, జి, జి షార్ప్, బి, ఇవే స్వరాలు. తర్వాతి పాఠాలైన వర్ణాలకు వచ్చేసరికి మాత్రం స్వరానికీ స్వరానికీ మధ్య జారడం కావాలి. కె. సత్యనారాయణన్ గారు కర్ణాటక సంగీతాన్ని కీబోర్డు మీద కచేరీ చేస్తున్నది పిచ్ బెండ్ సాయంతోనే. చక్రం సాధారణంగా రెండు అర్ధస్వరాల మేర, అంటే రెండు కీల దూరం, వంగేలా ఉంటుంది, మొదట్లో అలాగే ఉంచండి. ఒక చిక్కుంది: చక్రం తిప్పితే ఆ టోన్‌లో నొక్కి ఉంచిన స్వరాలన్నీ వంగుతాయి. ఎడమచేత్తో స-ప పట్టుకుని కుడిచేత్తో గమకం వేస్తే ఆధార షడ్జమం కూడా ఊగుతుంది. అందుకే తంబురా ఫోన్‌లో పెట్టి విడిగా వినిపించుకోవాలి.

తబలా, ఢోలక్ ముఖ్యమనుకుంటే మన దేశానికని చేసిన యమహా పీఎస్ఆర్-ఐ500, కాసియో సీటీ-ఎక్స్9000ఐఎన్ విని చూడండి. మిశ్రచాపు మీద ఆశ పెట్టుకుని మాత్రం కొనకండి. ఈ తరగతి కీబోర్డుల్లో స్టైళ్లు (తనంతట తాను మోగే తోడు వాద్యం) ఎక్కువగా నాలుగు, మూడు దెబ్బల లెక్కవే. ఏడు అక్షరాల నడక సొంతంగా తయారు చేసుకోవాలంటే స్టైల్ క్రియేటర్ ఉన్నది కావాలి. అది పీఎస్ఆర్-ఎస్ఎక్స్600లో ఉంది, ఈ473లో లేదు. పైగా ఎస్ఎక్స్600 బ్యాటరీలతో నడవదు. తుపాను నెలల్లో గంజాం, గజపతి జిల్లాల్లో కరెంటు సంగతి మీకు చెప్పక్కర్లేదు, 2018 అక్టోబరు తిత్లీ అప్పుడు పర్లాకిమిడి వైపు చూశాం కదా. మందిరంలో ఇన్వర్టర్ లేకపోతే ఇది కూడా లెక్కలో వేసుకోండి.

పాలీఫోనీ, అంటే ఒకేసారి పలికే స్వరాల సంఖ్య, గురించి దుకాణంలో ఎక్కువ భయపెడతారు. మెలోడీ, మూడు స్వరాలు కలిపి నొక్కే కార్డు, ఒక రిథమ్, ఇంతే అయితే 48 చాలు. పెడల్ (స్వరాన్ని సాగదీసే కాలి మీట) నొక్కిపట్టి వాయించేవారికీ, రెండు టోన్లు కలిపి వాడేవారికీ త్వరగా నిండుతుంది, ఎందుకంటే కొన్ని టోన్లు ఒక్క కీకి రెండు స్వరాల చోటు తీసుకుంటాయి. పరీక్ష తేలిక: రిథమ్ ఆన్ చేసి, పెడల్ తొక్కి, కింద ఒక కార్డు పట్టి పైకి మూడు స్థాయిలు గబగబా పరుగెత్తండి. కింది కార్డు మధ్యలో చప్పున తెగిపోతే చాలడం లేదని అర్థం. పెడల్ ఉల్టాగా పనిచేస్తే, అంటే వదిలితే మోగి నొక్కితే ఆగితే, అది పాడవలేదు. కీబోర్డు ఆపి, పెడల్ మీద కాలు లేకుండా మళ్లీ ఆన్ చేయండి.

కొత్తది కొనే ముందు మందిరంలో ఇప్పుడొచ్చే శబ్దం కూడా సరిచూడండి. చాలా చోట్ల కీబోర్డును యాంప్లిఫైయర్ మైక్ రంధ్రంలో గుచ్చుతారు. మైక్ సంకేతం చాలా చిన్నది, కీబోర్డుది దానికి ఎన్నో రెట్లు. అందుకే బరబరమంటుంది, కీబోర్డు నాసిరకమని పేరు పడుతుంది. ఆక్స్ లేదా లైన్ అని రాసిన చోట పెట్టండి. హెడ్‌ఫోన్ రంధ్రం స్టీరియో, దానికి మోనో పిన్ గుచ్చితే కుడి చానల్ షార్ట్ అవుతుంది. స్టీరియో నుంచి రెండు మోనోలుగా చీలే తీగ వాడాలి. కీబోర్డు వాల్యూమ్ సగానికి కాస్త పైన ఉంచి మిగతాది యాంప్లిఫైయర్‌లో పెంచండి. గుయ్యిమంటుంటే రెంటికీ ఒకే స్విచ్ బోర్డు నుంచి కరెంటు ఇచ్చి చూడండి. ఆన్ చేసేటప్పుడు యాంప్లిఫైయర్ చివర, ఆపేటప్పుడు అదే ముందు.

సెకండ్ హ్యాండ్‌లో మంచిది దొరికితే సంతోషమే, కానీ మనది ఉప్పుగాలి. గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు ఇళ్లలో రెండు మూడు వానాకాలాలు గుడ్డ కప్పకుండా ఉన్న కీబోర్డును జాగ్రత్తగా చూడాలి. పియానో టోన్ పెట్టి 61 కీలూ ఒక్కొక్కటి మూడుసార్లు నొక్కండి: మెల్లగా, మామూలుగా, గట్టిగా. ఆర్గన్ టోన్ పెట్టి చూస్తే టచ్ తెలీదు. అన్ని కీలూ ఒకేలా పలికితే టచ్ సెట్టింగ్ ఆఫ్‌లో ఉందేమో మెనూలో చూడండి. మధ్యలో ఒక్కటే మూగగా ఉన్నా, మెల్లగా నొక్కినా కేకలా వచ్చినా కాంటాక్టుల్లో మురికి. అది బాగయ్యే జబ్బే. విప్పి, రబ్బరు పట్టీ తీసి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదిపుల్లతో బోర్డు మీది నల్ల గీతలను, రబ్బరులోని నల్ల చుక్కలను మెత్తగా తుడిచి, పూర్తిగా ఆరాక బిగించాలి. గట్టిగా రుద్దితే కార్బన్ లేచిపోతుంది, ఆ కీ ఇక రాదు. పట్టీ కింద గాలి రంధ్రాలు మూసుకుపోతే కీ బిగుసుకుంటుంది. కాబట్టి రెండు మూడు కీలకే ఈ తేడా ఉంటే ధర తగ్గించి అడగండి. వరసగా పది పన్నెండు కీలు పోతే వదిలేయండి, తప్పు బోర్డులో ఉండవచ్చు.

అడాప్టర్ ఏది దొరికితే అది పెట్టకండి. మీ ఎస్200కు 9.5 వోల్టులు, యమహా చిన్నవాటికి 12. పిన్ లోపలికి దూరినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. ప్లస్ మైనస్ గుర్తు రెంటి మీదా ఒకేలా ఉండాలి.

పాప ముందుముందు పియానో గ్రేడ్ పరీక్షలు రాయాలనుకుంటే ఈ లెక్క మొత్తం మారుతుంది. అప్పుడు 88 బరువు కీల డిజిటల్ పియానో కావాలి. యమహా పీ-45 లాంటిదే 11.5 కిలోలు, భజనకు మోసుకెళ్లడం పిల్ల వల్ల కాదు, అందులో తబలా ఉండదు. ఆ ఆలోచన ఉంటే ఇప్పుడు ఎస్300తో ఆపి, మిగిలిన డబ్బు దానికోసం దాచండి.

విశాఖ వెళ్లి కొన్నా, భువనేశ్వర్‌లో కొన్నా మీ హెడ్‌ఫోన్లు తీసుకెళ్లండి, దుకాణంలోని పెద్ద స్పీకర్ల మీద ప్రతిదీ బాగానే వినిపిస్తుంది. పాపనూ తీసుకెళ్లి, భజనలో వాయించే రెండు కీర్తనలు రెండు శ్రుతుల్లో అక్కడే వాయించమనండి. ఎస్200ను వెంటనే అమ్మేయకండి, ఆరు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది, కరెంటు లేని సాయంత్రాలు సాధనకు పనికొస్తుంది.