నీటి మీద కనబడని గీత

ప్రశ్న: వేటకెళ్లిన మన బోట్లు బంగ్లాదేశ్ జలాల్లోకి ఎలా వెళ్లిపోతున్నాయండీ? అసలా గీత ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: 2014 జులై 7న హేగ్‌లోని అంతర్జాతీయ ట్రైబ్యునల్ తేల్చిన సరిహద్దు అది. సుందర్బన్స్‌లో హరియభంగ నది ముఖద్వారం దగ్గర మొదలై, దాదాపు నేరుగా దక్షిణానికి దిగుతుంది. కనబడేది జీపీఎస్ తెర మీదే. రాత్రి ఇంజిన్ ఆగితేనే అసలు ప్రమాదం: గంటకు 2 నాటికల్ మైళ్ల ప్రవాహం 6 గంటల్లో బోటును 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు లాక్కుపోతుంది. అందుకని బోటు నడిపే తండేలు గారూ, గీతకు 15 నాటికల్ మైళ్లు ఇవతలే అలారం పెట్టుకోండి.

జీపీఎస్ ఆగితే ముందు యాంటెన్నా కనెక్టర్ విప్పి చూడండి. ఉప్పుగాలికి పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి, ఆరబెట్టి బిగించండి. ఇంజిన్ మొరాయిస్తే తెల్లారేదాకా ఆగొద్దు, దయచేసి. వీహెచ్ఎఫ్ రేడియో 16వ ఛానెల్‌లో అక్షాంశ రేఖాంశాలు చెప్పండి. ఫోన్ సిగ్నలుంటే కోస్ట్‌గార్డ్ నంబరు 1554.