పూర్వ విద్యార్థినుల సత్కారం: ఎవర్ని, ఎలా ఎంచుకోవాలి?

బాలికల హైస్కూలు పూర్వ విద్యార్థినుల సంఘం పెట్టుకున్నాం, పైకొచ్చిన వాళ్ళని ఏటా సత్కరించాలని ఉంది, ఎలా ఎంచుకోవాలి అని అడిగారు. గుంటూరులో మా బడి సంఘానికి ఈ పని చూసేవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మా దగ్గర నడిచిన పద్ధతి చెబుతాను.

ఎంచుకోవడం తర్వాత సంగతి, ముందు వెతికి పట్టుకోవాలి. మగపిల్లల బళ్ళకి ఈ తిప్పలు ఉండవు. వాడు ఏ ఇంటిపేరుతో ఆరో తరగతిలో చేరాడో రిటైరయ్యేనాటికీ అదే. మనవాళ్ళకి పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది, కొందరికి అత్తగారింట్లో అసలు పేరే మార్చేస్తారు. పేపర్లో ఫొటో పడినా మన బళ్ళో చదివిన పిల్లేనని ఎవరికీ తట్టదు. మా ఊరి పక్కనున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం లాం ఫారంలో మిరప పరిశోధనలోనే సర్వీసంతా గడిపినావిడ మా బడి పిల్లేనని మాకు ఎన్నో ఏళ్ళు తెలియలేదు. ఊళ్ళోనే ఉన్నారు! కొత్తపేటలో కొట్టు నడిపే వాళ్ళ తమ్ముడు మాటల్లో చెబితే బయటపడింది.

అందుకని హెడ్‌మిస్ట్రెస్ గారి అనుమతి తీసుకుని పాత అడ్మిషన్ రిజిస్టర్లు చూడండి. పుట్టింటి ఇంటిపేరు, తండ్రి పేరు, చేరిన ఏడాది అందులో ఉంటాయి. అక్కడే కూర్చుని కావలసినవి రాసుకోండి. పేజీలు ఫొటోలు తీసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు, పుట్టిన తేదీ, కులం కూడా వాటిలోనే ఉంటాయి. తర్వాత బ్యాచ్‌కి ఒకరి చొప్పున ఫోన్లు చేయించాలి. ఆ అమ్మాయి పుట్టిల్లు ఏ లైనులో ఉండేదో గుర్తున్నవాళ్ళు ఒక్కరు దొరికితే చాలు, బ్రాడీపేటలో అయితే అడ్డరోడ్డు నంబరుతో సహా చెబుతారు.

ఇక ఎవర్ని అంటే, జాబితా రాయమనగానే అందరూ డాక్టర్లు, అమెరికా సాఫ్ట్‌వేర్ వాళ్ళ పేర్లే రాస్తారు. వాళ్ళు వద్దని కాదు. కానీ వాళ్ళని సత్కరించడానికి వాళ్ళ కాలేజీలూ, కులసంఘాలూ ఎలాగూ ఉన్నాయి. మేం ఏటా ఇద్దరినే పిలుస్తాం. అందులో ఒకరు ఇంతకు ముందు ఎక్కడా శాలువా కప్పించుకోని మనిషి అయి ఉండాలని నియమం పెట్టుకున్నాం. ఆ లెక్కన సర్వీసులో సగం రాత్రి డ్యూటీలే చేసిన నర్సు ఒకామె వచ్చారు. అంగన్‌వాడీ టీచరూ వచ్చారు. కమిటీలో ఉన్నవాళ్ళకీ, వాళ్ళ చుట్టాలకీ లేదు. ఆ ఏడాది సంఘానికి పెద్ద మొత్తం ఇచ్చిన దాతకీ లేదు, ఆవిడకి కృతజ్ఞతలు వేరే చెబుతాం. దీని మీద మాకు గట్టి గొడవే అయింది. అయినా సడలించలేదు.

సన్మాన పత్రం డీటీపీ వాళ్ళ దగ్గర తయారుగా ఉండే విశేషణాలతో కొట్టించకండి. పక్క బెంచీలో కూర్చున్న స్నేహితురాలి చేత ఒక పేజీ రాయించి, ఆవిడ చేతే చదివించండి. పేరు మాత్రం రెండు ఇంటిపేర్లతోనూ వేయించండి, బళ్ళో ఉన్నదీ, ఇప్పుడున్నదీ. జ్ఞాపిక మీదా అంతే.

సత్కారానికి ఏం పెట్టాలనే దానికొస్తే, ఆడవాళ్ళని గౌరవించడంలో మన వాళ్ళు ఒకప్పుడు ఘనంగానే ఉండేవారు. మద్రాసులో కేసరి గారి గృహలక్ష్మి పత్రిక స్వర్ణకంకణం తొడిగేది, 1934లో మొదటిది మన బాపట్ల రచయిత్రి కనుపర్తి వరలక్ష్మమ్మ గారిదే. మన స్తోమతకి బంగారం ఎక్కడ! మేం మంగళగిరి నేత చీర పెడతాం. మెరుపు శాలువా బీరువాలో మూలపడుతుంది, చీరైతే కట్టుకుంటారు. పుట్టింటి నుంచి పెట్టినట్టూ ఉంటుంది. బొట్టు పెట్టడం, పసుపు కుంకుమ ఇవ్వడం వేదిక మీద పెట్టుకోలేదు. మా బళ్ళో ముస్లింల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు చాలామంది చదివారు, నలుగురిలో ఎవరికీ ఇబ్బంది కలగకూడదు.

తేదీ దగ్గర జాగ్రత్త. విదేశాల వాళ్ళు వస్తారు కదాని సంక్రాంతికి పెడితే బడికి సెలవులు. ఫిబ్రవరికి తోస్తే పదో తరగతి పిల్లలు పబ్లిక్ పరీక్షల హడావిడిలో ఉంటారు. డిసెంబరులో, బడి జరిగే రోజు చూసుకుని, బళ్ళోనే పెట్టండి. కల్యాణ మండపం వద్దు. సభ గంటలో ముగించి, తర్వాత వచ్చినావిడని తొమ్మిది, పది తరగతుల పిల్లల మధ్య కూర్చోబెట్టి, టీచర్లు బయటికి వెళ్ళిపోవాలి. నర్సు గారిని పిల్లలు మొదట అడిగింది జీతం ఎంత అని, తర్వాత ఇంట్లో చదువు మాన్పిస్తామంటే ఏం చేశారని. ఆ రెండోదానికి ఆవిడ చాలాసేపు చెప్పారు.

రాజకీయ నాయకుల్ని ముఖ్య అతిథిగా పిలవాలా అని కూడా అడిగారు. మేం పిలవం. వాళ్ళు వచ్చేదాకా పిల్లలు ఎండలో కూర్చోవాలి. పాఠం చెప్పిన టీచర్లలో ఓపికున్నవాళ్ళు ఉంటే ఆటో పంపి తీసుకురండి, చీర వాళ్ళ చేతుల మీదుగా ఇప్పించండి.