మంచులో రైలెక్కే ముందు

చిరంజీవి సుధకు, మీ పెద్దనాయన ఆశీస్సులు.

సంక్రాంతి అయినాక ఇంటిల్లిపాదీ కాశ్మీరుకు రైల్లో పోవాలనుకుంటున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పోండి, శానా మంచి మాట. అయితే టికెట్లు తీసేముందు ఒకటి తేల్చుకోండి. మీరు చూడాలనుకునేది చీనాబ్ వంతెననా, మంచునా? రెండూ ఒకే బండిలో ఒకే పొద్దు కనబడతాయనుకుంటే మాత్రం ఉసూరుమనాల్సి వస్తుంది. జమ్మూ దగ్గర ఉండే కట్రా నుంచి శ్రీనగర్ పోయే వందే భారత్ వంతెనల కోసం. మంచు కోసమైతే శ్రీనగర్ చేరినాక లోయలో తిరిగే మామూలు పాసింజరు బండి ఎక్కాల. జనం మొదటిదానికి ఎగబడి రెండోదాన్ని పట్టించుకోరు.

ఎందుకంటే కట్రా, బనిహాల్ మధ్య ఉండే 111 కిలోమీటర్లలో 97 కిలోమీటర్ల దాకా సొరంగాలే. ఖారీ, సుంబర్ మధ్య ఉండేది ఒక్కటే 12.77 కిలోమీటర్లు. కిటికీలో మీ మొగాలు మీకే కనబడుతుంటాయి, ఉన్నట్టుండి వెలుతురు, ఒక లోయ, మళ్ళీ చీకటి. కట్రా నుంచి పోయేటప్పుడు ముందు వచ్చేది అంజి వంతెన, 725 మీటర్లు, తీగలతో వేలాడదీసింది. రియాసీ దాటినాక చీనాబ్ వంతెన, 1,315 మీటర్ల పొడవు, నది మీద నుంచి 359 మీటర్ల ఎత్తు. దాన్ని దాటడానికి బండికి నిమిషం అటూ ఇటూ పడుతుంది. ఇంకో సంగతి, మీరు వంతెన మీదే ఉంటారు కాబట్టి ఫోటోల్లో చూసిన ఆ ఉక్కు కమాను మీకు కనబడదు. కనబడేది కింద లోయ, సన్నగా నది. వీడియో తియ్యాలంటే సొరంగంలో ఉండంగానే ఫోను అద్దానికి ఆనించి రికార్డు మొదలుపెట్టాల. బయటికొచ్చినాక జేబులో వెతుక్కుంటే వంతెన అయిపోతుంది. ఫ్లాష్ ఆపేయండి, లేకుంటే అద్దంలో ఆ వెలుగే పడుతుంది. అక్కడ ఎత్తు తక్కువ, మంచు పడేది అరుదు. పిల్లోళ్ళు "మంచేదీ?" అని అడిగితే బనిహాల్ దాటాల అని ముందే చెప్పి పెట్టు.

బనిహాల్ తర్వాత పీర్ పంజాల్ సొరంగం, 11.2 కిలోమీటర్లు, 2013లో తెరిచినారు. పది నిమిషాల దాకా చీకటి. అవతల కాజీగుండ్‌లో బయటపడతారు, అక్కడి నుంచి కాశ్మీరు లోయ. ఇవతల ఎండ కాస్తుంటే అవతల మంచు కురుస్తుండొచ్చు, ఇవతల మంచు, అవతల ఎండ కూడా కావచ్చు. కొండ మబ్బును ఆపేస్తుంది కదా.

లోయ బండి గురించి కొంచెం వివరంగా రాస్తా, అసలు సంగతి అదే. బనిహాల్ నుంచి బారాముల్లా దాకా పొద్దంతా పాసింజరు బండ్లు తిరుగుతుంటాయి. టికెట్టు స్టేషన్లో కిటికీ దగ్గరే తీసుకోవచ్చు, వంద రూపాయల లోపే. రిజర్వేషన్ అక్కర్లేదు, అద్దాల పైకప్పుతో ఉండే విస్టాడోమ్ పెట్టెకు మాత్రం కావాల. అది దొరక్కపోతే దిగులు పడొద్దండి. పాసింజరు కిటికీ తెరిస్తే మంచు గాలి మొగానికి కొడుతుంది, ఏ అద్దాల పెట్టెలోనూ అది లేదు. పొద్దున్నే కాలేజీ పిల్లోళ్ళు, ఉద్యోగస్తులు, సాయంత్రం మళ్ళీ వాళ్ళే. ఆ రెండు వేళలూ వదిలేసి తొమ్మిదిన్నర, పది తర్వాత ఎక్కండి.

ఎక్కడ కూర్చోవాలనేది ముఖ్యం. శ్రీనగర్ నుంచి బనిహాల్ వైపు పోతుంటే పీర్ పంజాల్ కొండలు కుడిచేతి వైపు. పూట తిరగకముందు వాటి మీద ఎండ పడుతుంది, అప్పుడు కుడివైపే కూర్చోండి. మధ్యాహ్నం తిరిగొచ్చేటప్పుడు ఆ కొండలు ఎడమకు వస్తాయి, కానీ పొద్దు అటే వాలుతుంటుంది, కండ్లు జిగేలుమంటాయి తప్ప ఏమీ కనబడదు. అప్పుడు కూడా కుడివైపే కూర్చుంటే ఈశాన్యం కొండలు వెలుగులో కనబడతాయి. పోయేటప్పుడూ కుడి, వచ్చేటప్పుడూ కుడి, గుర్తు పెట్టుకో. బనిహాల్‌లో దిగి ప్లాట్‌ఫారం మీద కాసేపు తిరిగి, టీ తాగి, తర్వాతి బండికి వెనక్కి రావచ్చు. చివరి బండి ఎప్పుడో దిగంగానే అడిగి పెట్టుకోండి. ఇంకో పొద్దు బారాముల్లా వైపు పొండి, ఆ దారి చిన్నది.

మంచు రోజూ పడదు. డిసెంబరు 21 నుంచి జనవరి 29 దాకా నలభై దినాలను కాశ్మీరోళ్ళు చిల్లై కలాన్ అంటారు. గట్టి చలి ఆ దినాల్లోనే, అయినా పడమటి నుంచి వాయుగుండాలు వచ్చినప్పుడే మంచు. 2024 జనవరిలో నెల చివరి దాకా గుల్మార్గ్‌లోనే మంచు లేక జనం ఊరికే చూసి తిరిగొచ్చినారు. కాబట్టి శ్రీనగర్‌లో నాలుగైదు దినాలు పెట్టుకోండి, ఏ పొద్దు ఏం చెయ్యాలో ముందే బిగించుకోవద్దు. మంచు కురిసే పొద్దు రూములోనే ఉండి, మరుసటి పొద్దున ఆకాశం తెరిపిచ్చినాక రైలెక్కండి. ఆపిల్ తోటలు, రేకుల కప్పులు, పొలం గట్లు అన్నీ తెల్లగా, ఎండలో, అప్పుడే బాగుంటాయి. కురుస్తుంటే పది గజాల అవతల ఏమీ కనబడదు. షిమ్లా బొమ్మరైలు ఎక్కుదామని మీ ఆయన అన్నాడంట. 96 కిలోమీటర్లు, 102 సొరంగాలు, 1903 నాటి దారి, బండి అందమైనదే. కానీ అక్కడ మంచు పైన షిమ్లా దగ్గర పడితే పడినట్టు. అది వేసవిలో చూసుకోవచ్చు.

ఇప్పుడు పోయే దారి. అనంతపురం నుంచి ఢిల్లీకి కర్ణాటక ఎక్స్‌ప్రెస్ రోజూ ఉంది, రెండు రాత్రుల ప్రయాణం. స్లీపర్ తీయొద్దు. భోపాల్ దాటినాక కిటికీ సందుల్లోంచి వచ్చే గాలికి మీ అత్త తట్టుకోలేదు. మూడో ఏసీ తీస్తే దుప్పటి, రగ్గు వాళ్ళే ఇస్తారు. రిజర్వేషన్ ఇప్పుడు 60 దినాల ముందు తెరుస్తారు. ఢిల్లీ నుంచి కట్రాకు రాత్రి బండి శ్రీశక్తి, న్యూఢిల్లీ స్టేషన్ నుంచే సాయంత్రం బయలుదేరి తెల్లారి చేరుస్తుంది.

అందరూ బోల్తా పడేది ఇక్కడే. జనవరిలో ఆగ్రా, మథుర నుంచి పైకంతా పొగమంచు. డ్రైవరుకు సిగ్నల్ కనబడక బండి వేగం తగ్గించి నడుపుతారు, గంటల కొద్దీ ఆలస్యం మామూలే. కొన్ని బండ్లను ఆ రెండు మూడు నెలలు రద్దు కూడా చేస్తారు. కాబట్టి కట్రాలో దిగిన పొద్దే వందే భారత్ టికెట్టు పెట్టుకోవద్దు. మధ్యాహ్నం బండి పట్టుకున్నా శ్రీనగర్ చేరేసరికి పొద్దు గుంకి చీకటి పడుతుంది, దారిలో లోయ చూసినట్టే ఉండదు. కట్రాలో ఒక రాత్రి ఉండండి. మీ అత్తకు వైష్ణోదేవి దర్శనం చేసుకోవాలని ఉంటే ఇంకో పొద్దు కలుపుకోండి. తర్వాత పొద్దున బండికి పొండి. ఆ వందే భారత్‌కు వారంలో ఒక పొద్దు సెలవుంటుంది, ఏ పొద్దో, ఎన్ని గంటలకో ఐఆర్‌సీటీసీలో చూసుకుని తీయండి. చైర్ కార్‌లో సీట్లు రెండు, మూడుగా ఉంటాయి. కొన్ని సీట్ల పక్కన అద్దం కాకుండా గోడ వస్తుంది, అందరికీ కిటికీ దొరకదు, పిల్లోళ్ళను వంతులు వేసి కూర్చోబెట్టు.

వెంట వెంట ఎక్కే రెండు బండ్ల టికెట్లు తీసినాక ఐఆర్‌సీటీసీలో రెండు పీఎన్‌ఆర్‌లనూ కలిపి లింకు చెయ్యమని మీ ఆయనకు చెప్పు. రెండింటిలో పేర్లు ఒకే తీరుగా ఉండాల. అప్పుడు మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే కోత లేకుండా డబ్బులు వెనక్కొస్తాయి. ఎక్కాల్సిన బండే మూడు గంటలు దాటి ఆలస్యమైతే, ఎక్కకుండా, అది కదిలేలోగా టీడీఆర్, అంటే డబ్బు వెనక్కి అడిగే అర్జీ, వేస్తే పూర్తి డబ్బు వస్తుంది.

కట్రాలో, శ్రీనగర్‌లో సామాను తనిఖీ గట్టిగా ఉంటుంది. గంటన్నర ముందే స్టేషన్లో ఉండండి, అందరి ఆధార్ కార్డులూ చేతిలో ఉండాల. పోలీసులను, సైనికులను, కాపలా గదులను ఫోటో తీయొద్దు. ఇంకొకటి, మన ప్రీపెయిడ్ సిమ్ జమ్మూ కాశ్మీర్‌లో పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ మాత్రమే. ఇద్దరిలో ఒకరి నెంబరైనా పదిహేను దినాల ముందే మార్పించండి.

బట్టల గురించి. అనంతపురం అంగళ్ళలో దొరికే స్వెటర్ మన డిసెంబరు చలికి సరిపోతుంది, అంతే. శ్రీనగర్‌లో రాత్రి సున్నా కిందికి నాలుగైదు డిగ్రీలు పోవడం మామూలు. ఒకటే లావు కోటు కంటే ఎర్రగడ్డ పొరల మాదిరి మూడు వేసుకోవడం మేలు. ఒంటికి అంటుకుని థర్మల్, దాని మీద ఉన్ని, పైన గాలి, తడి దూరని జాకెట్. రైల్లో వేడిగా ఉంటే ఒకటి తీసేయొచ్చు, చెమట పట్టనియ్యకూడదు, ఆ తడే తర్వాత వణికిస్తుంది. జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. బూట్లు ఒక సైజు పెద్దవి తీసుకోండి. మందం మేజోళ్ళు వేసి బిగుతుగా తొడిగితే రక్తం ఆడక కాలివేళ్ళు ఇంకా చల్లబడతాయి. మీ అత్త చీర మానదని నాకు తెలుసు. లంగా కింద థర్మల్ ప్యాంటు వేయించు, చీర అంచు నాలుగు వేళ్ళు పైకి కట్టుకుని పిన్ను పెట్టుకోవాల, చెప్పులు కాదు బూట్లే. మంచులో ఈడ్చిన అంచు రూముకొచ్చేసరికి అట్టముక్కలా బిగుసుకుంటుంది. పిల్లోళ్ళకు చేతి గ్లౌజులు రెండు జతలు, తడిసిన జత పనికిరాదు. టెంకాయ నూనె సీసాలో గడ్డకడుతుంది, వాజలైన్ తీసుకుపో, పెదాలకు, ముక్కు లోపలికి కూడా.

పొద్దున్నే గడ్డకట్టిన బాటలో నల్లగా తడిగా కనబడే చోటే జారేది. పాదం మొత్తం ఆనించి చిన్న అడుగులు వెయ్యాల, చేతులు జేబులో పెట్టుకోవద్దు. చూరు కింద అసలు నిలబడొద్దు. ఎండ తగలంగానే ఏటవాలు రేకు మీది మంచు ఒక్కసారిగా జారి పడుతుంది.

రూము తీసుకునేటప్పుడు రెండు అడుగు, వేడినీళ్ళు ఏ వేళకు, కరెంటు పోతే వేడికి ఏం చేస్తారు అని. కొళాయిలు రాత్రి గడ్డకడతాయి, పడుకునేముందే బకెట్ నింపి పెట్టుకోండి. బొగ్గులు నింపిన కాంగ్డీ (బుట్టలో పెట్టిన నిప్పుల కుండ) గానీ బుఖారీ (గది వేడిచేసే పొయ్యి) గానీ ఇస్తే కాసేపు కాచుకుని, పడుకునేముందు కాంగ్డీని బయట పెట్టించు, బుఖారీని ఆర్పించు. తలుపులు మూసి ఆ నిప్పును గదిలో ఉంచుకుంటే వచ్చే విషపు గాలికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. దీంట్లో మొహమాటం వద్దు.

శ్రీనగర్ 1,585 మీటర్లే, ఊపిరాడకపోవడం ఉండదు. అయినా చలికి బీపీ పెరుగుతుంది, దాహం వెయ్యదు గానీ నీళ్ళు తాగుతూనే ఉండాల. ఫోను బ్యాటరీ చలికి తొందరగా పడిపోతుంది, లోపలి జేబులో పెట్టుకోండి. కెమెరాను చలిలోంచి వెచ్చని రూములోకి తెచ్చేముందు ప్లాస్టిక్ సంచిలో మూతిగట్టి తెస్తే నీరు పొర పట్టదు.

తిండికి ఇబ్బంది లేదు. శాకాహారమైతే రాజ్మా అన్నం, తామరతూడు కూర, హాఖ్ ఆకుకూర దొరుకుతాయి. ఉప్పు వేసిన నూన్ చాయ్ మీ అత్తకు నచ్చకపోవచ్చు, కుంకుమపువ్వు వేసే కహ్వా టీ ఇప్పించు. రైలు దినాలకు కడక్ జొన్నరొట్టెలు, శెనక్కాయల పొడి చాలు, ఊరగాయ నూనె సంచిలో కారుతుంది.

తిరుగు ప్రయాణంలో శ్రీనగర్, ఢిల్లీ టికెట్ల మధ్య కూడా ఒక పొద్దు ఖాళీగా వదలండి. మంచు పడితే జాతీయ రహదారి మూసేస్తారు, విమానాలు ఆగుతాయి, రైలు మాత్రం ఎక్కువసార్లు నడుస్తుంది. అందుకే ఆ రెండు దినాలు జనమంతా రైలు మీదే పడతారు, టికెట్టు అప్పటికప్పుడు దొరకదు. మందులు, చార్జర్లు, ఒక జత ఉన్నిబట్టలు పెద్ద సంచిలో కాదు, చేతి సంచిలో పెట్టు.

పోయేటప్పుడు మీ బండి అర్ధరాత్రి ప్రాంతంలో గుంతకల్లులో ఆగుతుంది. కోచ్ నెంబరు ముందే పంపితే రొట్టెలు నేనే తెచ్చి పెట్టె తలుపు దగ్గర ఇస్తా, మీరు దిగొద్దండి.

ఇట్లు,
మీ పెద్దనాయన
గుంతకల్లు