బంతిలో బలమా, బంతి మీద బలమా?

సందేహం: “విసిరిన బంతిలో బలం అయిపోగానే అది ఆగిపోతుంది” అని మా అమ్మాయి సైన్సు పరీక్షలో రాస్తే తప్పని కొట్టేశారు. అందరూ మామూలుగా అనే మాటే కదా! ఇందులో భాషాదోషం ఏముంది? – ఒక పాఠకురాలు

సమాధానం: వ్యాకరణదోషం ఏమీ లేదండీ. మాటల్లో అందరం అలాగే అంటాం. కానీ సైన్సు జవాబుగా మాత్రం అది తప్పే. చిక్కంతా ఆ ‘లో’ అనే చిన్న ప్రత్యయంతో వచ్చింది.

వాడుకలో బలం అంటే ఒకరికి ఉండే గుణం. ఒంట్లో బలం ఉంటుంది, జ్వరమొస్తే తగ్గుతుంది, కోలుకుంటే మళ్లీ వస్తుంది. భౌతికశాస్త్రం ఇదే మాటను తీసుకుని వేరే అర్థం కట్టింది. అక్కడ బలం అంటే ఒక వస్తువు ఇంకో వస్తువును తోయడమో లాగడమో. అందుకే బలం వస్తువు మీద పనిచేస్తుందంటాం. వస్తువులో నిల్వ ఉంటుందనం.

నేల మీద దొర్లుతున్న బంతిని చూడండి. చేతిని వదిలాక దాన్ని ముందుకు తోసేది ఏదీ లేదు. భూమి కిందికి లాగుతోంది, నేల పైకి తోస్తోంది, ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి. ఇక మిగిలినవి గాలి, నేల కలిసి పెట్టే అడ్డంకులు. బంతి ఆగింది బలం అయిపోయి కాదు, ఎదురుబలం పనిచేసి.

మీ అమ్మాయిని కోప్పడకండి. ఈ ‘లో’ని వదిలించుకోవడానికి మహామహులకే రెండు వేల ఏళ్లు పట్టింది. క్రీ.పూ. 4వ శతాబ్దంలో అరిస్టాటిల్, విసిరిన వస్తువును ఏదో ఒకటి తోస్తూనే ఉండాలనుకున్నాడు. చేయి వదిలాక తోసేదెవరు? చుట్టూ ఉన్న గాలి అన్నాడు. 6వ శతాబ్దంలో అలెగ్జాండ్రియా పండితుడు ఫిలోపోనస్ దీన్ని ఒప్పుకోలేదు. విసిరేవాడు వస్తువులోకే ఏదో శక్తిని ఎక్కిస్తాడన్నాడు. 14వ శతాబ్దంలో పారిస్‌లో బురిడాన్ అనే పండితుడు ఆ ఆలోచనకు పదును పెట్టాడు. పదార్థం ఎంత ఎక్కువుంటే, వడి ఎంత ఎక్కువుంటే అది అంత ఎక్కువగా ఉంటుందనీ, అడ్డు తగలకపోతే తరగదనీ చెప్పాడు. బురిడాన్ చెప్పినదానికి నన్నడిగితే మన ‘ఊపు’ చక్కగా సరిపోతుంది. మీ అమ్మాయి రాసింది దాదాపు ఈ మెట్టు మీది మాటే.

ఆ తర్వాత గెలీలియో ప్రశ్ననే తిరగేశాడు. వాలు మీంచి దిగిన బంతి ఎదుటి వాలు ఎక్కి, అడ్డంకులు లేకపోతే, బయల్దేరినంత ఎత్తుకూ చేరాలి. ఎదుటి వాలును తగ్గించేకొద్దీ ఆ ఎత్తు అందుకోవడానికి మరింత దూరం పోవాలి. అసలు వాలే లేకపోతే? ఆగడానికి కారణమే ఉండదు. ఇక కారణం చెప్పాల్సింది బంతి కదలడానికి కాదు, ఆగడానికి. నా దృష్టిలో ఈ కథంతటిలో అసలు మలుపు ఇదే. వదిలేస్తే వస్తువు సరళరేఖలోనే పోతుందని 1644లో ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ స్పష్టంగా రాశాడు. 1687లో న్యూటన్ వీటన్నిటినీ మూడు గమన నియమాలుగా కూర్చాడు. బయటి నుంచి వచ్చే బలం పనిచేస్తున్నంతసేపే ఉంటుందనీ, ఆ తర్వాత వస్తువులో మిగలదనీ ఆయన నిర్వచనంలోనే చెప్పాడు. మీ ప్రశ్నకు సూటి జవాబు అదే.

అయితే జడత్వాన్ని, అంటే ఉన్న స్థితిలోనే కొనసాగే వస్తువు స్వభావాన్ని, న్యూటన్ కూడా ఒకరకం ‘బలం’గానే పేర్కొన్నాడు. ఇప్పటి పాఠాల్లో అలా అనరు. బస్సు సడన్ బ్రేకు వేసినప్పుడు “జడత్వ బలం ముందుకు తోసింది” అని కొందరు రాస్తుంటారు. అక్కడ తోసినవాళ్లెవరూ లేరు. కాళ్లు బస్సుతోపాటు ఆగాయి, పైశరీరం మాత్రం అంతకుముందు వేగంతోనే సాగబోయింది. “జడత్వం వల్ల ముందుకు తూలాడు” అంటే సరిపోతుంది. బస్సులో కూర్చునే లెక్క కట్టేవాళ్లు ఒక మిథ్యా బలాన్ని చేర్చుకుంటారు. అది లెక్క కోసం పెట్టుకున్న ఏర్పాటు.

మీ అమ్మాయి తన జవాబును “ఎదురుబలాల వల్ల బంతి ద్రవ్యవేగం తగ్గుతూ సున్నా అవుతుంది” అని మార్చుకోవచ్చు. ద్రవ్యవేగం అంటే ద్రవ్యరాశిని వేగంతో గుణిస్తే వచ్చేది. కథలోనో ఉత్తరంలోనో అయితే “ఊపు తగ్గి ఆగింది” అని నిక్షేపంగా రాయమనండి.