యాంగిల్‌కి డబ్బు అక్కర్లేదు, దాన్ని కదలకుండా పట్టుకోవడానికే కావాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: ఇంట్లో తయారుచేసిన మగ్గులు, తోలు పర్సులు, చెవి దిద్దులు ఆన్‌లైన్‌లో పెట్టాలి, ఇప్పటికి ఫోన్ ఒక్కటే ఉంది, ఏ యాంగిల్స్‌లో తీయాలి, ముందు ముందు కాస్త ఖర్చు పెట్టగలిగితే దేనిమీద పెట్టాలి. నేను ఫోన్‌తోనే మొదలుపెట్టి తర్వాత కెమెరాకి మారాను కాబట్టి దారిలో తిన్న దెబ్బలు చెప్తాను.

మొదటి దెబ్బ షాంపూ సీసాలది. నలభై సీసాలు, టేబుల్ మీద ఒక్కొక్కటీ పెట్టి, నేను నిలబడే ఉండి, ఫోన్ కిందికి వంచి టకటకా తీసేశాను. ఫోన్ స్క్రీన్‌లో చూస్తే బాగానే ఉన్నాయి. అన్నీ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టేసరికి అసలు రూపం బయటపడింది. ప్రతి సీసా భుజాలు లావు, అడుగు సన్నం, పైగా ఒక్కోదాంట్లో ఒక్కో రకంగా వంగి ఉంది. కెమెరాని కిందికి వంచితే నిలువు గీతలు కింద దగ్గరకొస్తాయి, అంతే, అందులో లెన్స్ తప్పేం లేదు. ఆ రాత్రి పుస్తకాల దొంతర పెట్టి, సీసా సగం ఎత్తుకి ఫోన్ వచ్చేలా నిలబెట్టి, నలభై మళ్లీ తీశాను. అదే ఫోన్, అదే లైటు. పుస్తకాలే తేడా.

అందుకే పొడుగ్గా ఉండి, ముందు లేబుల్ ఉన్న దేనికైనా ఫోన్ నిటారుగా, వస్తువు మధ్య ఎత్తులో ఉండాలి. అట్టపెట్టెలైతే ఒక మూల మనవైపు తిప్పి ముందు, పక్క రెండూ కనబడేలా తీయండి. పలకలా ఉన్న నోట్‌బుక్కు, కార్డుల్లాంటివి నేరుగా పైనుంచి. మిగతా చాలావాటికి ఫోన్‌ని కాస్త పైకి లేపి, టేబుల్ మట్టం నుంచి ముప్పై నుంచి నలభై ఐదు డిగ్రీల మధ్య ఎక్కడో ఒకచోట కుదురుతుంది, ఎందుకంటే టేబుల్ ముందు కూర్చున్నవాళ్లు ఆ వస్తువుని చూసేది దాదాపు అలాగే.

మీ మగ్గులో ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఫోన్‌ని మూతి ఎత్తులో పెట్టారనుకోండి, మూతి ఒక అడ్డగీతలా కనబడుతుంది, మగ్గు అట్టముక్క కత్తిరించి నిలబెట్టినట్టు ఉంటుంది. ఫోన్ని మెల్లగా పైకి లేపుతూ స్క్రీన్ చూడండి. ఆ గీత కోడిగుడ్డు ఆకారంలోకి విచ్చుకుంటుంది, లోపలి గ్లేజు రంగు కొంచెం కనబడుతుంది, అక్కడే ఆగాలి. ఇంకా పైకి పోతే లోపలి గుంటే మిగిలి, బయట మీరు కష్టపడి వేసిన డిజైన్ కిందికి జారిపోతుంది. నాకు ఇరవై ఐదు, ముప్పై డిగ్రీల దగ్గర కుదురుతుంది, కానీ మగ్గు పొట్టిగా వెడల్పుగా ఉంటే వేరు. ఒకసారి చేత్తో లేపి చూస్తే పుస్తకం చదివిన దానికంటే త్వరగా తెలుస్తుంది.

ఇక దూరం. ఫోన్‌లో మెయిన్ కెమెరా చాలావరకు 24 నుంచి 26 ఎం.ఎం. లెన్స్‌తో సమానమైన వైడ్ లెన్స్, అంటే ఎక్కువ వెడల్పు పట్టేది. వస్తువు ఫ్రేమ్ నిండా రావాలని జానెడు దూరానికి వెళ్తామా, ముందుకున్న భాగం ఉబ్బిపోతుంది. మగ్గు పిడి మనవైపు ఉంటే ఏనుగు చెవంత కనబడుతుంది. వెనక్కి జరిగి 2ఎక్స్ లేదా 3ఎక్స్ పెట్టండి. ఆకారం కుదుటపడేది నిజానికి జూమ్ వల్ల కాదు, మీరు వెనక్కి జరిగినందువల్ల. వెలుతురు బాగుంటే క్వాలిటీ గురించి టెన్షన్ పడక్కర్లేదు. ఇంకోటి, కొన్ని ఫోన్లు వస్తువుకి బాగా దగ్గరికెళ్తే చెప్పకుండా అల్ట్రావైడ్ లెన్స్‌కి మారిపోతాయి. ఆ ఆటో మ్యాక్రో ఆపేసే వీలుంటే ఆపేయండి.

దిద్దుల దగ్గర సమస్య వేరు. అంత చిన్న వస్తువుకి దగ్గరగా వెళ్తే ఫోకస్‌లో ఉండే లోతు కొద్ది మిల్లీమీటర్లే. పక్కనుంచి స్టైల్‌గా తీస్తే ముందు రాయి షార్ప్‌గా, వెనక కొక్కెం మసకగా వస్తుంది. కొనేవాళ్లకి రెండూ కావాలి. అందుకని మెయిన్ ఫొటోలో దిద్దు వెడల్పు వైపు ఫోన్‌కి ఎదురుగా, సమాంతరంగా ఉండేలా పెట్టుకోండి. సెన్సర్ (లెన్స్ వెనక వెలుగుని పట్టే చిప్) చిన్నది కావడం వల్ల ఈ లోతు విషయంలో ఫోనే పెద్ద కెమెరా కంటే నయం, ఆ మాట ఎవరూ చెప్పరు.

మెరిసే వస్తువుల గురించి ఒక్కమాట. ఒక స్టీల్ కెటిల్ ఫొటో పంపించాక అవతలివాళ్లు అడిగారు, కెటిల్ మీద ఆ ఎర్రమచ్చ ఏంటని. అది నా చొక్కా. వెలుగు ఏ కోణంలో తగిలితే అదే కోణంలో తిరిగొస్తుంది కాబట్టి పలకగా ఉన్నదైతే కొంచెం పక్కకి తిప్పితే మీరు అద్దంలోంచి తప్పుకుంటారు. గుండ్రటి వాటిలో తప్పించుకోలేరు. అప్పుడు పెద్ద తెల్ల అట్ట తీసుకుని, లెన్స్ పట్టేంత చిల్లు పెట్టి, దాని వెనక నుంచి తీయండి. ఎర్రచొక్కా మానేయండి.

ఇప్పుడు ఖర్చు సంగతి. చేతిలోకి మొదటిసారి డబ్బొస్తే అందరూ కెమెరా వైపు చూస్తారు, నా ఓటు ట్రైపాడ్‌కి, అంటే మూడు కాళ్ల స్టాండుకి. యాంగిల్ మనం చేత్తో కూడా పట్టగలం, కానీ అదే యాంగిల్ రేపు, వచ్చే నెల కొత్త డిజైన్ వచ్చినప్పుడు మళ్లీ పట్టలేం. నేను నేలమీద ట్రైపాడ్ కాళ్ల దగ్గర, టేబుల్ మీద వస్తువు దగ్గర టేపు ముక్కలు అతికిస్తాను. ఎత్తు, దూరం, లెవెల్ యాప్‌లో చూసిన వంపు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసి గోడకి పెట్టాను. షట్టర్ నొక్కేటప్పుడు కదలకుండా రెండు సెకన్ల టైమర్ చాలు. పైనుంచి తీయాలంటే అడ్డంగా చాచే రాడ్ ఉన్న ట్రైపాడ్ తీసుకోండి. రాడ్ చాచిన వైపే ఒక కాలు ఉండాలి, రెండోవైపు బరువు వేలాడదీయాలి. ఇది నేను నేర్చుకున్నది ట్రైపాడ్ మొత్తం ఒక మగ్గు మీద బోర్లా పడ్డాక.

దాని తర్వాత మెట్టు సెకండ్‌హ్యాండ్ కెమెరా, 90 నుంచి 105 ఎం.ఎం. మధ్య ఒక మ్యాక్రో లెన్స్, అంటే చిన్న వస్తువుల్ని పెద్దగా తీసేది. కెమెరాలో ఉన్నది ఏపీఎస్-సీ అనే కాస్త చిన్న సైజు సెన్సరైతే 60 కూడా సరిపోతుంది. దిద్దుల్ని దూరంగా ఉండి నిండుగా తీయొచ్చు, కెమెరా నీడ పడదు. లెన్స్ లోపలి రంధ్రాన్ని చిన్నది చేసి, అంటే ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర మొదలుపెట్టి, అదీ చాలకపోతే ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ కొన్ని ఫొటోలు తీసి కలపాలి. దీన్నే ఫోకస్ స్టాకింగ్ అంటారు. ట్రైపాడ్ లేకుండా అది సరిగ్గా కుదరడం కష్టం, అందుకే ట్రైపాడ్ ముందు అన్నాను.

టిల్ట్-షిఫ్ట్ లెన్స్ (కెమెరాని కదపకుండా లెన్స్‌నే జరపడానికి, వంచడానికి వీలున్నది) గురించి ఎవరో ఒకరు చెప్తారు, క్యానన్ 90, నైకాన్ 85 లాంటివి. కొంచెం పైనుంచి చూస్తూ కూడా సీసా గీతలు నిటారుగా ఉంచడానికి అవి నిజంగా బాగుంటాయి. మీ పనికి వద్దు. అవసరం పడితే అద్దెకు తెచ్చుకోండి, లేదా చుట్టూ కాస్త ఖాళీ వదిలి తీసి ఎడిటింగ్‌లో నిలువు గీతలు సరిచేసుకోండి.

అమ్మే సైటు రూల్స్ ముందు చదవండి. అమెజాన్‌లో మెయిన్ ఫొటోకి పూర్తి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ ఉండాలి, ఫ్రేమ్‌లో కనీసం 85 శాతం వస్తువే ఉండాలి, కాబట్టి అక్కడ ప్రయోగాలకి పెద్దగా చోటు లేదు. పర్సు తెరిచిన లోపలి అరలు, జిప్పు కుట్టు దగ్గర్నుంచి, చేతిలో పట్టుకున్నది సైజు తెలియడానికి, ఇవన్నీ తర్వాతి ఫొటోల్లో.

మగ్గుతో మొదలుపెట్టండి. పిడి ఎటు పెట్టాలో తేలకపోతే కుడివైపు పెట్టి కాస్త మనవైపు తిప్పండి, గడియారంలో నాలుగు చూపించినట్టు. కొనేవాళ్లలో ఎక్కువమంది కుడిచేతి వాళ్లే కదా.