తలొగ్గారా, మన్నించారా?

సందేహం: ‘ప్రజాభిప్రాయాన్ని మన్నించి ప్రభుత్వం నిర్ణయం మార్చుకుంది’ అని రాస్తే మా మిత్రుడు నవ్వాడు. మన్నించడమంటే క్షమించడం కదా, ప్రజలేం తప్పు చేశారని అడిగాడు. ‘తలొగ్గి’ అని రాయమన్నాడు. ఏది ఒప్పు? ‘ప్రజాభిప్రాయాలు’ అని బహువచనం వాడొచ్చా?

సమాధానం: మీ మిత్రుడు తొందరపడ్డారు. మన్నన అంటే గౌరవం. తప్పును మన్నిస్తే క్షమించడం, మాటను మన్నిస్తే ఆ మాటకు విలువిచ్చి దాని ప్రకారం నడుచుకోవడం. ‘పెద్దాయన మాట మన్నించి పెళ్లికి ఒప్పుకున్నాడు’ అంటే ఎవరూ పెద్దాయన్ని క్షమించినట్టు కాదు కదా! కాబట్టి మీ వాక్యంలో భాషాదోషం లేదు. అయితే అది నిజమా అన్నది వేరే ప్రశ్న.

తలొగ్గడం చూద్దాం. తల, ఒగ్గు. ఒగ్గడమంటే ముందుకు చాచి పట్టడం, దోసిలి ఒగ్గడం, చెవి ఒగ్గి వినడం లాగా. (ఉత్తరాంధ్రలో ‘ఒగ్గేయ్’ అంటే వదిలేయ్, ఒగ్గుకథలో ఒగ్గు డమరుకం, వాటిని ఇక్కడికి లాక్కురాకండి.) పదంలో ఓటమి లేదు గానీ వాడుకలో ‘ఒత్తిళ్లకు తలొగ్గి’ అనీ అనీ, ఇష్టం లేకుండా ఒప్పుకోవడమనే అర్థం దానికి గట్టిగా అంటుకుపోయింది.

ఇప్పుడు 1952 సంగతే తీసుకోండి. పొట్టి శ్రీరాములు గారు మద్రాసులో 58 రోజులు నిరాహార దీక్ష చేసి డిసెంబరు 15న కన్నుమూశారు, ఊళ్లు అట్టుడికాయి, నాలుగు రోజులకు, 19న, ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని నెహ్రూ ప్రకటించారు. ఇక్కడ ‘నెహ్రూ ప్రజాభిప్రాయాన్ని మన్నించారు’ అని ఎవరైనా రాస్తే నేను ఒప్పుకోను. ఆ 58 రోజుల్లో మన్నించి ఉంటే ఆ మాట చెల్లేది. తలొగ్గారు అనాలి, లేదా దిగివచ్చారు అనాలి.

ఇంకో ఉదాహరణ, సారా ఉద్యమం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించాక అది ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి ప్రభుత్వం రాష్ట్రమంతా సారాను నిషేధించింది. ‘ప్రభుత్వం దిగివచ్చింది’ అన్న మాట దీనికి బాగా కుదురుతుంది. మరి ఎన్టీఆర్? ఆయన సంపూర్ణ మద్యనిషేధం తెస్తానని ఎన్నికల్లో మాటిచ్చి గెలిచారు, 1995 జనవరిలో అది అమల్లోకి వచ్చింది. ఆయన తలొగ్గలేదు, దిగిరాలేదు, ఎందుకంటే అప్పటిదాకా ప్రతిపక్షంలో ఉన్నారు. అలాగని ‘ప్రజాభిప్రాయాన్ని మలిచారు’ అనడమూ అన్యాయమే. మలచడం శిల్పి రాతికి చేసే పని, ఇక్కడ ఉలి ఆడవాళ్ల చేతిలోనే ఉంది. ఆయన చేసింది అందిపుచ్చుకోవడం. జనంలో అప్పటికే ఉన్నదాన్ని సమయం చూసి పట్టుకోవడానికి ఇంత చక్కటి తెలుగు క్రియ ఉండగా వార్తల్లో ఎందుకు వాడరో నాకు అర్థం కాదు.

శిరసావహించడం అని ఇంకోటుంది. ఇదీ తలతో చేసే పనే, నెత్తిన పెట్టుకుని మోయడం. ఓట్ల లెక్కింపు రోజు సాయంత్రం, ‘ప్రజాతీర్పును శిరసావహిస్తున్నాం’ అని ఎక్కువగా అనేది ఓడినవాళ్లే!

అందుకని, మీ వాక్యంలో ఏ క్రియ వేయాలో నిఘంటువు చెప్పదు. ధర్నాలూ బందులూ అయ్యాక మారిన నిర్ణయమైతే మీ మిత్రుడిదే ఒప్పు. నలుగురూ చెప్పింది విని, గొడవ ముదరకముందే మార్చుకుంటే మీదే ఒప్పు.

బహువచనం తప్పేమీ కాదు. గనికో ఫ్యాక్టరీకో అధికారులు పెట్టే ప్రజాభిప్రాయ సేకరణ సభలో కొందరు కావాలని, కొందరు వద్దని అరుస్తారు చూడండి, అవి అభిప్రాయాలే. అన్నిటినీ కలిపి మర్నాడు ‘ప్రజాభిప్రాయం అనుకూలం’ అని రాసేస్తారే, ఆ ఏకవచనంతోనే నాకు పేచీ.